మస్తాన్ సాహెబు దుకాణంలో ఒంటి చెప్పు

పుంగనూరు బజారువీధిలో ముప్పయ్యేళ్లపాటు చెప్పులు కుట్టి, ఆ చెప్పులు తొడిగిన పాదాలనే గాక వెండితెరమీద నడిచిన పాదాలను సైతం పరీక్షించి తీర్పు చెప్పిన మస్తాన్ సాహెబు గారు ఇక లేరు. ఆ వార్త నాకు మదనపల్లెలో, జట్కాబండిమీద, రేకుబూర నోటి దగ్గర పెట్టుకొని ఉండగా అందింది. పుంగనూరు బస్సు దిగివచ్చిన పాల గంగులప్ప బండికి అడ్డంగా నిలబడి, "నారప్పా, దిగు. మస్తానన్న పోయినాడు. తెల్లారి నమాజుకు కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు" అన్నాడు. నా నోట మాట రాలేదు. డేరా టాకీసు ఏ ఊళ్లో దిగితే ఆ ఊళ్లో వీధివీధీ తిరిగి జనాన్ని కేకేసి పిలవడం నా వృత్తి. నా నోట మాట రాకపోవడమన్నది మదనపల్లె పౌరులు అంతకు ముందెన్నడూ ఎరుగరు. బండి తోలేవాడు బూరలో ఏదో అడ్డుపడిందనుకొని తిరగేసి దులిపి చూశాడు.

సాహెబు గారు మితభాషి, నిరాడంబరుడు, సత్యనిష్ఠుడు. ఈ మూడు గుణాలూ లేని నాకు ఆయనతో పద్నాలుగేళ్ల స్నేహం ఎట్లా సాధ్యమైందని పలువురు అడిగారు. తక్కెడకు రెండు తట్టలూ ఉంటేనే గదా తూకం నిలిచేది! ఊరందరికీ పాదరక్షలు సమకూర్చిన ఆ మహనీయుడు తాను మాత్రం ఉత్తకాళ్లతోనే సంచరించేవారు. ఆయన చూపు ఎప్పుడూ నేలమీదే. మనిషి ముఖం చూసి పలకరించడం ఆయన ఎరుగరు. పాదం చూసి, ఆపైన పేరు పెట్టి పిలిచేవారు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన దుకాణంలో సినిమా పిచ్చివాళ్ల సభ ఒకటి సాగేది. సభ్యులు ఐదారుగురం. మదనపల్లెనుంచి నేను యుద్ధకాలపు బొగ్గుగ్యాసు బస్సులో, కొండలు ఎక్కేచోట దిగి నెట్టుకుంటూ, మసిపూసిన ముఖంతో వచ్చి చేరేవాణ్ణి. ఎవడు ఏ తారను గురించి ఏం విన్నాడు, ఏ చిత్రంలో ఏం పొరపాటు పట్టాడు, ఏ సన్నివేశానికి జడిసి ఎటు పరుగెత్తాడు, ఇవే విషయాలు. అయితే నోరు విప్పబోయే ముందు ప్రతివాడూ ఒక సుంకం చెల్లించాలి. సాహెబు గారు ఆరెతో తోలుకు తూటు పొడుస్తూ, తలెత్తకుండానే అడిగేవారు:

"సూసిందా, అల్లిందా?"

చూసిందని చెబితే ప్రశ్నలు వేసేవారు. అల్లిందని ఒప్పుకుంటే హాయిగా వినేవారు. ఒకనాడు నేను, ఒకానొక తార తన ఇంట ఏడు నెమళ్లను పెంచుతున్నదనీ, వాటిలో పెద్దది శ్రుతి ఇస్తేగాని ఆమె పాట ఎత్తుకోదనీ మొదలుపెట్టాను.

"సూసిందా, అల్లిందా?"

"అల్లిందే అన్నా."

"అయితే బాగుంది. ఏడు యాల, తొమ్మిది పెట్టు. కానీ."

అబద్ధానికి ఆయన శత్రువు కారు. అబద్ధం నిజం చొక్కా తొడుక్కొని రావడానికే శత్రువు.

ఆయన స్వయంగా పట్టిన వింతలన్నీ పాదాలకు సంబంధించినవే. ఒక చిత్రంలో రాజకుమారుడు గుర్రమెక్కి, కోటగోడ మీదుగా అగడ్త దాటి దూకుతాడు. డేరా యావత్తూ చప్పట్లతో మారుమోగింది. ఆదివారం సభలో సాహెబు గారు ప్రశాంతంగా, "ఎక్కినోడు వేరే, దిగినోడు వేరే" అన్నారు. గంగులప్ప ఆ రాజకుమారుడి భక్తుడు, మండిపడ్డాడు.

"ఏం సూసి సెప్తాండావు నువ్వు?"

"ఎక్కేటప్పుడు బొటనేలికంటే పక్కేలు పొడుగు. దిగేటప్పుడు బొటనేలే పొడుగు. దూకినంతలో ఏలు పెరగతాదా అప్పా?"

సభ్యుల్లో ముగ్గురం మూడు సాయంకాలాలు వరుసగా ఆ చిత్రం చూసి, ఆయన మాట అక్షరసత్యమని తేల్చుకున్నాం. గంగులప్ప వారంరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మరొక చిత్రంలో పన్నెండేండ్లు అడవుల పాలైన రాణిని చూసి ఆడవాళ్లంతా కొంగులు తడుపుకుంటుంటే, ఈయన ఒక్కరే ఆమె మడమలను పరిశీలించి, "పన్నెండేండ్లు ముండ్లల్లో తిరిగినా ఒక్క పగులు లేదు. ఆ యమ్మకు చెప్పులు ఎవురు కుట్టినారో కనుక్కోండి, పోయి దండం పెట్టుకుంటా" అన్నారు.

భయాల విషయంలోనూ ఆయన నిజాయితీ అటువంటిదే. తాను మొట్టమొదట చూసిన మాటలాడే చిత్రంలో నాయిక తెరమీదనుంచి సూటిగా తనవైపు చూసి మాట్లాడేసరికి, తాను ఆమె పాదాలను చూస్తున్న సంగతి ఆమె కనిపెట్టిందేమోనని తలపాగా ముఖంమీదికి లాక్కున్నారట. గంగులప్ప తన భయం చెప్పాడు: దయ్యాల చిత్రం చూసి సైకిలుమీద ఊరికి పోతుంటే వెనకనుంచి గజ్జెల చప్పుడు వెంటపడింది, ఎంత తొక్కితే అంత వేగంగా వచ్చింది, ఇంటిముందు పడి మూర్ఛపోయాడు. తీరా చూస్తే అది సైకిలుకు కట్టిన పాలబిందె మూత. అంతా నవ్వాం. సాహెబు గారు మాత్రం, "మూత అని తెలిసినాక కూడా మళ్లా కట్టినావా?" అని అడిగారు. "లేదన్నా, ఇప్పుడు గుడ్డ సుట్టతాండాను" అన్నాడు గంగులప్ప. "అదే నిజమైన బయం" అన్నారాయన.

ఇంతటి మనిషిని ఈ మూడు తాలూకాల జనం దేనికి జ్ఞాపకం పెట్టుకున్నారు? కుప్పంలో దయ్యానికి జడిసి, ఒంటి చెప్పు వదిలి, డేరా చీల్చుకొని పారిపోయిన సాయిబుగా! తెర వెనక చేరిన ఎనుమును, అదే గేదెను, నేను ధైర్యంగా తోలివచ్చాననీ, ఆయన అప్పటికే స్టేషను చేరి వణుకుతున్నాడనీ కథ. దానికి సాక్ష్యంగా ఆ చెప్పు ఆయన దుకాణంలోనే మేకుకు వేలాడుతూ ఉండేది.

ఆయన నలభయ్యో దినపు ఫాతెహా ప్రార్థన ముగిశాక దుకాణం అరుగుమీద కూర్చున్నవాళ్లు మళ్లీ అదే కథ ఎత్తుకున్నారు. పోయినవారిని తలచుకొని నవ్వడం తప్పు కాదు. కాని ఆ నవ్వు ఆయనకు చెందినది కాదు.

"ఉరికింది ఆయన కాదు, నేను" అన్నాను.

గంగులప్ప నన్ను ఎగాదిగా చూసి, సాహెబు గారి గొంతుతోనే అడిగాడు: "సూసిందా, అల్లిందా?"

"సూసిందే!"

అరుగంతా నవ్వింది. పద్నాలుగేళ్లుగా అల్లినవాడికి ఆ నవ్వు న్యాయమైన శిక్షే. అయినా చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

అప్పుడు మా డేరా కుప్పంలో ఉంది. భయానక చిత్రం. నేను మూడు రోజులు బండెక్కి, "గుండె ఉండేటోళ్లే రండప్పా! లేనోళ్లు ఇండ్లకాడే ఉండండి! పదిసార్లు సూసినాను, రెప్ప కొట్టలేదు!" అని వీధులు దద్దరిల్ల చాటాను. వాస్తవానికి ఆ చిత్రం ఒక్కసారైనా చూసి ఎరుగను. మా యజమాని ముందే హెచ్చరించాడు: "నీ నోటిమీదే జనం వస్తాండారు నారప్పా. నీ మాట నవ్వులపాలయ్యిందంటే బూర ఇంకొకడు పట్టుకుంటాడు." ఆ బూర తప్ప నాకు మరొక విద్య రాదు, ఇంట్లో ఐదు నోళ్లు.

సాహెబు గారు వాణియంబాడిలో తోళ్లు కొని తిరిగివస్తూ కుప్పంలో రైలు దిగి, మొదటి ఆటకు వచ్చి కూర్చున్నారు. నేను బెంచీల పక్కన నిలబడ్డాను. చచ్చిన రాణి సమాధిలోంచి లేచింది, దగ్గరికి వచ్చింది, ముఖం తెరనిండా పరచుకుంది. అంతవరకు చిత్రమే. ఆపైన ఆమె ఎడమచెంప ఉబ్బింది. ముక్కు వంకరపోయింది. నుదురు జానెడు ముందుకు పొడుచుకొని మావైపు వచ్చింది! డేరాలో ఇంకా ఎవ్వరూ కేక వేయకముందే నేను బయలుదేరాను. రెండు బెంచీలు, ఒక తాలూకా గుమాస్తా గారి ఒడి, డేరా గుడ్డ, ఇవన్నీ దాటినట్టు తరువాత తెలిసింది. డేరా తాడుకు తగులుకొని ఒక చెప్పు ఊడిపోయింది. స్టేషను వచ్చాక గాని ఆగలేదు. మిగిలిన చెప్పును చూస్తే సిగ్గేసి పట్టాలమీదికి విసిరేశాను.

కొంతసేపటికి సాహెబు గారు తోళ్ల మూటతో స్టేషనుకు వచ్చారు. చేతిలో నా చెప్పు.

"ఎనుమప్పా అది. తెర ఎనకాల గుంజకు వీపు రుద్దుకుంటా ఉండాది. గుడ్డ ఎత్తి, ‘పోమ్మా, ఇంటికి పో’ అని ఒక దెబ్బేస్తి, పోయింది. అందరూ నవ్వి మళ్లా కూర్చున్నారు. ఇదో నీ చెప్పు."

"రెండోది లేదన్నా."

ఆయన మారుమాట లేకుండా ఆ చెప్పును మూటలో పెట్టుకున్నారు. డేరా చీకటిలో ఎవరో పరుగెత్తారనీ, ఎవరో ఎనుమును తోలారనీ తప్ప, ఆ ఎవరో ఎవరన్నది కుప్పంలో ఎవ్వరికీ తెలియదు.

మరుసటి ఆదివారానికి ఆ వార్త నాకంటే ముందే పుంగనూరు చేరింది. గంగులప్ప నన్ను చూస్తూనే, "కుప్పంలో ఎవురో ఉరికినాడంట గదా?" అన్నాడు. అందరి కళ్లూ నామీద పడ్డాయి. నా కళ్లముందు బూర మెదిలింది. నా నోరు నాకంటే ముందు పరుగెత్తింది. "ఇంకెవురు, మస్తానన్నే!" అన్నాను. ఆయన ఎదురుగానే అన్నాను. తోలింది నేనని కూడా అన్నాను.

ఆ రోజు ఆయన నన్ను "సూసిందా, అల్లిందా?" అని అడగలేదు. పద్నాలుగేళ్లలో అడగనిది ఆ ఒక్కసారే. ఆరె ఆగింది. ఆయన చూపు నా పాదాలమీదికి వచ్చింది. అవి ఉత్తవిగా ఉన్నాయి. తోళ్ల మూటలోంచి చెప్పు తీసి, అందరికీ చూపించి, "నిజమే. ఉరికినాను. ఇదో, ఊడిపోయిన చెప్పు" అన్నారు.

గంగులప్ప తెల్లబోయాడు. "నువ్వు చెప్పులే ఏసుకోవు గదన్నా?"

"ఆ పొద్దు ఏసుకుంటి. ఉరికేదానికి ఉపయోగం లేదు అవి. అందుకే మళ్లా ఏసుకోలేదు" అని మేకు కొట్టి తగిలించారు.

కథ ఎంత రుచించిందో, ఆ జవాబు అందరికీ అంత చక్కగా సరిపోయింది. ఆయన ఉత్తకాళ్లు అంతకుముందు ఎన్నేళ్లుగా చూస్తున్నామో ఒక్కరమూ లెక్కలోకి తీసుకోలేదు. సభ చెదిరాక నేను తల వంచుకొని నిలబడితే, కొత్త జతకు కొలత తీసుకుంటూ ఒకే మాట అన్నారు:

"రేపు బండెక్కి ‘గుండె ఉండేటోళ్లే రండి’ అని అరిసేది నువ్వు. చెప్పులు కుట్టేటోనికి యాలప్పా గుండె? కాలు సరిగా పెట్టు, కొలత తప్పతాది."

ఇదంతా అరుగుమీద చెప్పి ముగించాను. గంగులప్ప నిదానంగా తల ఊపాడు. "బాగా అల్లినావు. ఒకటి మాత్రం తప్పిపోతివి. ఎనుమును సాయిబు తోలినాడు అంటాండావు. నువ్వు ఉరికిపోయినావు గదా, యాడ సూసినావు?"

మేకుమీది చెప్పు తీసి కాలికి తొడుక్కున్నాను. సరిపోయింది. "నాకూ సరిపోతాది" అని గంగులప్ప కూడా తొడిగి చూపించాడు. మళ్లీ నవ్వులు.

అంతలో లోపలి తలుపు సందునుంచి సాహెబు గారి భార్య హుసేన్‌బీ గారి గొంతు వినబడింది. పెద్దగా అనలేదు.

"నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై ఆరేండ్లాయె. ఆయన కాలికి చెప్పు నేను సూడలేదు. మా నిక్కా దినం కూడా ఉత్తకాళ్లతోనే నిలబడినాడు. కుప్పానికి పోయిన పొద్దు కాళ్లకు నీళ్లిచ్చి పంపించింది నేనే. నారప్పన్న అల్లలేదు."

నవ్వు ఆగింది. గంగులప్ప తాను తొడిగిన ఆ చెప్పు విప్పి, రెండు చేతులతో పట్టుకొని నాకు అందించాడు. "అయితే మనమంతా ఆయన్ను ఇన్నేండ్లు ఊరికే ఎగతాళి చేస్తిమే!" అన్నాడు. అబద్ధమాడని మనిషి జీవితంలో ఆడిన ఒక్క అబద్ధమూ నా పొట్టకోసం ఆడాడు. దాన్ని తన ఉత్తకాళ్లతో, బజారంతా చూస్తుండగా, ఆఖరి రోజుదాకా మోశాడు.

ఆ చెప్పును హుసేన్‌బీ గారు నన్ను తీసుకుపొమ్మన్నారు. నేను ఒప్పుకోలేదు. దాన్ని తిరిగి మేకుకే తగిలించి వచ్చాను. అడిగినవారికి అది ఎవరిదో ఇకపై సరిగా చెప్పండని మాత్రం వేడుకున్నాను. మా యజమానికి కూడా చెప్పేశాను. ఆయన నవ్వి, ఇది అన్నిటికంటే బాగుంది, రేపు బండిమీద చెప్పమన్నాడు. చెప్పలేదు. వెండితెరమీద ఇకపై రాజులు ఏ వేళ్లతో గుర్రమెక్కి ఏ వేళ్లతో దిగినా పట్టుకునే కన్ను ఈ మూడు తాలూకాల్లో లేదు. ఆదివారం దుకాణం ముందు నిలబడి నేను నోరు తెరిస్తే, తలెత్తకుండా ప్రశ్న వేసేవారూ లేరు. ఆ ప్రశ్న లేకుండా నేనేం చెప్పినా ఒకటే.

అందుచేత ఈ వ్యాసానికి ఆ సుంకం నేనే చెల్లిస్తున్నాను. ఆ చెప్పు నాది. ఎనుమును తోలింది మస్తాన్ సాహెబు గారు. తోలడం నేను చూడలేదు. చూసేందుకు నేను అక్కడ లేను, పరుగెత్తుతున్నాను. కాని ఇది అల్లింది కాదు. ఆయన చెప్పారు.