నొప్పి లేదన్న మోకాలు

నిన్న మంచిర్యాలలో ఫిజియోథెరపీ గదిలో డాక్టరమ్మ నా కూతురి మోకాలి మీద చెయ్యి ఆనించి, నొప్పి ఉందా అని అడిగింది. వాలీబాల్ ఆడుతూ పడ్డ పిల్ల, వచ్చే వారం టోర్నమెంటు పెట్టుకుని, లేదు మేడం అంది టక్కున. నేను దాని మొహం చూడలేదు, కాలివేళ్లు చూశాను. ముడుచుకుని ఉన్నాయి.

నా చిన్నప్పుడు నస్పూర్‌లో మాది బొగ్గు కంపెనీ ఇచ్చిన క్వార్టర్. మా నాన్న, బాపు అనేవాళ్లం, బొగ్గుబాయిలో దిగేవాడు. మా లైన్లో పిల్లలం దయ్యాలకు భయపడేవాళ్లం కాదు, 'అన్‌ఫిట్' అనే మాటకు భయపడేవాళ్లం. డాక్టరు ఆ ముక్క రాస్తే బాపుల నౌకరీ పోతుంది, నెత్తిమీది క్వార్టరూ పోతుంది. అందుకే ఎవరు ఎక్కడ పట్టి చూసినా నొప్పి లేదనడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. తొమ్మిదో తరగతిలో కబడ్డీ ఆడుతుంటే నా మోకాలు మెలి తిరిగి బూరెలా ఉబ్బింది. నాలుగు రోజుల్లో జిల్లా సెలెక్షన్లు. అవ్వ, అంటే మా అమ్మ, నన్ను సైకిల్ మీద కూచోబెట్టి, తోసుకుంటూ వాళ్లక్క, మా పెదమ్మ ఇంటికి తీసుకుపోయింది.

పెదమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసి, అక్కడి నర్సమ్మ దగ్గర నొప్పులు పట్టే చేతిపని నేర్చింది. షిఫ్టు దిగినవాళ్లు నడుములు పట్టుకుని ఆమె వాకిట్లో కూర్చునేవాళ్లు. ఎముకలు పటుక్కుమనిపించే రకం కాదామె. అరచేతులు రాసుకుని వెచ్చ చేసుకుని, నొప్పి ఉన్నచోట మెత్తగా ఆనించి ఊరుకునేది. ఆ ఊరుకోవడమే నాకు వణుకు. గట్టిగా లాగితే అరిచి తప్పించుకోవచ్చు, కదలని చేతి కింద ఏం చేస్తాం? నొప్పుందా అంది, లేదన్నాను. కొంచెం వంచి మళ్లీ అడిగింది, మళ్లీ లేదన్నాను.

"నోరు లేదంటాంది, కాలివేళ్లు ఉందంటున్నయ్. ఎవల్ని నమ్మాలె బిడ్డా? మీ బాపు గూడ గిట్లనే. నడుము పడితే నొప్పి లేదు వదినె అంటడు, వేళ్లు ముడుస్తడు."

బాపుకు నడుము నొప్పి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. సెలెక్షన్ల భయం ఎటుపోయిందో, అంతకన్నా పెద్ద భయం వచ్చి కూర్చుంది. భోరుమన్నాను. ఉంది పెదమ్మా, మస్తు ఉంది అన్నాను. ఆమె ఇక చెయ్యి వెయ్యలేదు. ముందు దవఖానకు తీసుకుపొమ్మని అవ్వను కసిరింది. సెలెక్షన్లు పోయాయి. కట్టు విప్పాక మాత్రం ఆ చేతులే రోజూ కొంచెం కొంచెంగా నా కాలును దారిలోకి తెచ్చాయి. ఒకరోజు బాపు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. పెదమ్మ అడిగితే, ఉందని పైకే చెప్పాను. నేను లేవగానే ఆయన వచ్చి ఆ చాప మీదే బోర్లా పడుకున్నాడు.

"నాకు గూడ ఉంది వదినె. ఎవలకు చెప్పకు."

నిన్న నా కూతురి కాలివేళ్లను నా గుప్పిట్లోకి తీసుకున్నాను. బెదిరిపోయి నా వంక చూసింది. చాలాసేపటికి, ఉందమ్మా అంది. ఆ బాయి మూతపడి, బాపు పోయి ఎన్నేళ్లయినా, ఆ ఒక్కమాట నోటిదాకా రావడానికి మా ఇంట్లో ఇంకా అంతసేపే పడుతోంది.