రొట్టె చప్పుడు

కింది ఫ్లాట్ ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి, "జొన్న రొట్టెలు రోడ్డు మీద అమ్ముతున్నారు కదండీ, కొనుక్కోవచ్చుగా? రోజూ ఈ టపటపలు భరించలేకపోతున్నాం" అంది.

నా చేతులకింకా పిండి ఉంది. నేరేడ్‌మెట్‌లోని మా పాత పెంకుటిల్లు కళ్లముందుకొచ్చింది. గుర్తుందా మీకు, అప్పట్లో ఏ ఇంటివాళ్లు ఏ ప్రాంతం నుంచి వచ్చారో సాయంత్రం వంటింటి చప్పుడే చెప్పేది? పక్కింటి కోనసీమ టీచరమ్మ కొబ్బరి కోరేది. మా అమ్మ పీట మీద జొన్న రొట్టెలు కొట్టేది.

ఒకరోజు టీచరమ్మ నవ్వుతూ, "హాయిగా అన్నం వండుకోక ఎందుకండీ ఈ అవస్థ?" అంది.

అమ్మ చెయ్యి ఆగలేదు. "మీకు కాల్వలున్నయి టీచరమ్మా, వరి పండుతది. మా దిక్కు వాన పడితేనే పంట, గందుకే జొన్నలు. చేను ఏదిస్తే చెయ్యి గదే నేర్సుకుంటది. ఇందుల అవస్థేముంది?"

ఆ పూట వెల్లుల్లి కారంతో రెండు రొట్టెలు టీచరమ్మ ఇంటికి వెళ్లాయి. మర్నాడు అదే గిన్నెలో కొబ్బరి లౌజు వచ్చింది. ఆమె మళ్లీ ఆ మాట అనలేదు.

కింది ఫ్లాట్ ఆవిడ ఇంకా జవాబు కోసం చూస్తోంది.

"రొట్టెలు ఎన్నంటె అన్నిస్త మేడం. చప్పుడైతె ఆపను" అన్నాను.

ఆమె చూస్తుండగానే పీట దగ్గరికెళ్లి ఇంకో ముద్ద తీసుకుని కొట్టాను, అమ్మ కొట్టినంత గట్టిగా.