గెలిచిన ఆట మీద మా పంచాయితీ

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వేలూరులో రెండు–ఒకటితో గెలిచింది. మరునాడు పొద్దున తమిళనాడులోని మా ఊరు గుడియాత్తంలో మా మైదానం పక్కనున్న రేకుల షెడ్డులో, ఆట ఎలా ఆడామో తేల్చడానికి కూర్చున్నాం. కూర్చోకముందే అందరికీ శాలువాలు కప్పేశారు. మా ఊరి పద్ధతే అంత. ముందు పొగడ్త, తర్వాత విచారణ. భుజాల మీద శాలువా పడ్డాక తప్పెవరిదని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? ఆ రోజుల్లో పార్టీ వార్డు కార్యదర్శి బస్సు దిగినా సరే, ఎవడో ఒకడు శాలువా పట్టుకుని పరిగెత్తేవాడు. బస్టాండు ఎదురుగా ఉన్న గుడ్డల అంగట్లో పెళ్ళిచీరల కన్నా శాలువాలే ఎక్కువ అమ్ముడయ్యేవి.

మా శాలువాలు తెప్పించినాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ యజమాని. పార్టీ పట్టణ కార్యదర్శి కూడా ఆయనే. పార్టీ రంగుల అంచున్న కండువా లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు. ఫ్యాక్టరీకి సొంత ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఆ ఏడాది మా కాలేజీ నుంచి ఒక్కడిని తీసుకుంటానని ఆయన మాటిచ్చాడు. పగలు ప్యాకింగులో ఉద్యోగం, సాయంత్రం ఆట. ఎవరిని తీసుకోవాలో మా ఆట నివేదికే చెప్పాలి. దాన్ని ఆదివారం జరిగే సన్మాన సభలో ఆయనే చదువుతాడు. చివరి వాక్యంలో ఎవరి పేరుంటే వాడిదే ఉద్యోగం. ఆ నివేదిక రాసే పని నాది. నేను ఆటగాణ్ణి కాను, బెంచీకి కాపలాదారుణ్ణి. తమిళం గుండ్రంగా రాస్తానని జట్టులో ఉంచుకున్నారంతే.

ఆ ఉద్యోగం నిజంగా కావలసినవాడు మాలో ఒక్కడే, మా గోల్‌కీపర్. మిగతావాళ్ళం చాలామంది బజారువీధి కోమట్ల పిల్లలం. పాసైనా ఫెయిలైనా గల్లాపెట్టె వెనక మా చోటు మాకుంది. వాడి నాయన ఇళ్ళు కట్టే మేస్త్రీ. చూపు తగ్గి, గోడ నిలువుగా ఉందో వంగిందో కనిపెట్టలేకపోతున్నాడు. ఈ ఉద్యోగం దొరక్కపోతే చదువు ఆపి తాపీ పట్టుకోవాల్సిందేనని ఇంట్లో చెప్పేశారు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. తెలిసీ ఏం వెలగబెట్టామో చెబుతాను.

అయ్యా, ఏం ఆట అది! చూసినవాళ్ళకి పుణ్యం లేదు, ఆడినవాళ్ళకి సిగ్గు లేదు. మొదటి గోలు మేం వేయలేదు, వాళ్ళిచ్చారు. వేలూరు గోల్‌కీపర్ బంతి పట్టుకుని, దాన్ని కింద పెట్టి, తీరిగ్గా నిక్కరు సర్దుకున్నాడు. మా కెప్టెన్ పక్కనే ఊరికే నిలబడి ఉన్నాడు గనక కాలితో నెట్టాడు. అంతే. దానికి వాడు రెండు చేతులూ పైకెత్తి మైదానం చుట్టూ పరిగెత్తిన పరుగు చూడాలి. అంత పరుగు ఆట మొత్తంలో ఇంకెప్పుడూ తీయలేదు మహానుభావుడు.

ఆ తర్వాత కెప్టెన్‌గారి రహస్యాస్త్రం బయటికొచ్చింది. రహస్యమంటే మరేం లేదు, తెలుగు. మాలో ఎనిమిది మందికి ఇంటి భాష తెలుగే. మిగిలిన ముగ్గురికీ ఎడమ, కుడి, వెనక అనే మూడు మాటలు నేర్పించారు. బంతి ఎటు కొట్టబోతున్నదీ తెలుగులో అరిస్తే ఎదుటివాళ్ళకి అర్థం కాదట. తిరువణ్ణామలైలో ఒకసారి ఆ పాచిక పారింది కూడా. మాకు బడి తమిళం, గోడల మీద రాతలు తమిళం, మైకు పట్టుకున్న ప్రతివాడి నోటా ప్రాసల తమిళం. తెలుగు మా వంటింట్లో పుట్టి మా వీధి చివరనే ఆగిపోతుందని మా గట్టి నమ్మకం. మాలో దాన్ని చదవను రాయను వచ్చినవాడు ఒక్కడూ లేడు. దాంతో మా తెలుగు ఇంకెవరికీ వినపడదని కూడా అనుకున్నాం.

వేలూరులోనా! మా చుట్టాల్లో సగం మంది ఆ ఊళ్ళోనే ఉన్నారు. మా పిన్ని కాపురం అక్కడే. కెప్టెన్‌కి మాట్లాడి పెట్టిన పిల్లది కూడా ఆ ఊరే. ఆ బజారులో పావుసేరు పప్పు కొన్నవాడికైనా తెలుసు, అంగడి లోపల ఏ భాష నడుస్తుందో. పదకొండు మంది మొనగాళ్ళకి తట్టలేదు. బెంచీ మీద కూర్చున్న నాకూ తట్టలేదు, దాచుకోవడం ఎందుకు.

"ఎడమ పక్క కొడతా ఉండా, రండప్పా!" అని కెప్టెన్ గొంతు చించుకోవడం, వేలూరువాళ్ళు ముందే అక్కడికొచ్చి వాడి కాళ్ళలోంచి బంతి ఎత్తుకుపోవడం. నాలుగైదుసార్లు ఇదే తంతు. ఒకసారి అలా తీసుకెళ్ళి గోలు కూడా కొట్టేశారు. దాంతో ఒకటీ ఒకటీ అయింది. మా గోల్‌కీపర్ ఒక్కడే నిలబడి మరో మూడు గోల్స్ ఆపాడు. ఒకటి మొహంతో ఆపాడు. ముక్కులోంచి రక్తం కారుతుంటే చొక్కాతో తుడుచుకుని మళ్ళీ నిలబడ్డాడు.

చివర్లో కుడిపక్క ఆడేవాడికి పిక్క పట్టేసింది. వేరే దిక్కు లేక నన్ను దింపారు. నేను గోలు పక్కనుంచి లోపలికి పోతుంటే గోల్‌కీపర్ నా చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పాడు.

"వాళ్ళకి తెలుగు వస్తాదప్పా. ఆ పొడుగోడు మా మాదిరి మేస్త్రీ ఇంటోడే, వాళ్ళోళ్ళకి అంతా చెప్తా ఉండాడు. నేనిప్పుడు ఎడమ అని అరుస్తా, కుడికి కొడతా. నువ్వు కుడి పక్క వదిలి కదలొద్దు. మనోళ్ళకి చెప్పేకి టైము లేదు."

"సరే" అన్నాను. ఆట మొత్తంలో బుర్ర పెట్టి చేసిన పని అదొక్కటే. అది కూడా నాది కాదు.

వాడు బంతి పట్టుకుని "ఎడమకి పోండప్పా, ఎడమకి!" అని అరిచాడు. వేలూరువాళ్ళంతా ఎడమకి పరిగెత్తారు. మావాళ్ళూ గొర్రెల్లా అటే పరిగెత్తారు. బంతి వచ్చి నా ముందు పడింది. నేను కళ్ళు మూసుకుని కొట్టాను. పరిగెత్తుకుంటూ తిరిగొచ్చిన ఆ పొడుగాయన మోకాలికి తగిలి లోపలికి పోయింది. గెలిచాం.

ఇక షెడ్డులో విచారణ. పి.టి. మాస్టరు లేచి నిలబడి, మైకు లేకపోయినా ఉన్నట్టే గొంతు సవరించుకుని, వీరం, విజయం, వేలూరు అంటూ ప్రాసలు కుట్టుకుంటూ పోయాడు. తర్వాత కెప్టెన్ లేచి, మన రహస్య భాష వల్లే గెలిచామన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఫలానా తప్పు జరిగిందని ఒక్కడు అంటే ఒట్టు.

చివరికి ఒకే ఒక్క తప్పు కనిపెట్టారు. అదీ ఎవరిదనుకున్నారు? గోల్‌కీపర్‌ది.

"ఎడమ అని చెప్పి కుడికి కొట్టినాడు సార్. జట్టునే మోసం చేసినాడు. వీడు కుడి పక్క నిలబడుకోని ఉండబట్టి సరిపోయింది, లేకుంటే యాడికి పోయుండేది బంతి?" అని కెప్టెన్ నన్ను చూపించాడు.

మాస్టరు నా వీపు తట్టాడు. "అందరూ ఎడమకి పోతే నువ్వొక్కడివే కుడి పక్క ఎట్లా నిలిచావు? అదీ ఆట తెలివంటే! చివరి వాక్యంలో నీ పేరే రాయి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

గోల్‌కీపర్ ముక్కు వాచి ఉంది. నా వైపే చూస్తూ కూర్చున్నాడు. తనే చెబితే తప్పించుకోవడానికి అల్లుతున్నాడంటారు. నేను చెబితే సరిపోతుంది, ఒక్క ముక్క. మాస్టరు కాగితం ఇచ్చాడు. నేను కలం మూత తీశాను. ఇంతసేపూ వీళ్ళందరినీ కడిగిపారేసిన నేనే, చివరి వాక్యంలో నా పేరు నా చేత్తోనే గుండ్రంగా రాసుకున్నాను.

ఆదివారం సభలో చదివారు. ఇంకో శాలువా కప్పారు. ఇంటికొస్తే మా నాయన, "ప్యాకింగులో ఉద్యోగమా? అంగట్లో ఎవరు కూర్చుంటారు?" అని ఒక్క మాటతో తేల్చేశాడు. నేను చేరనని చెప్పి పంపాను. ఆ చోటు కార్యదర్శిగారి బావమరిదికి పోయింది. వాడు జన్మలో బంతి తన్నినవాడు కాడు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం గోల్‌కీపర్ మా అంగడికి వచ్చాడు. మోచేతుల దాకా సిమెంటు. అర కిలో బెల్లం అడిగాడు. కట్టిచ్చాను.

"నువ్వు ఫ్యాక్టరీలో చేరలేదంట గదా?"

"లేదప్పా. నాయన వద్దన్నాడు."

పొట్లం చేతిలో పట్టుకుని గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"మరి ఎందుకు రాసుకున్నావప్పా?"

నేను తల దించుకున్నాను. అప్పుడైనా నిజమే చెప్పాను.

"నన్ను ఆటగాడని అనింది అదే మొదటిసారప్పా."