కృపాదానం గారి రిహార్సల్

రిహార్సల్ వెయ్యకుండా కృపాదానం గారు ఏ పనీ చెయ్యరు. చెన్నై రైలెక్కాలంటే ముందురోజు అదే టైముకి పెట్టెతో సహా నెల్లూరు స్టేషనుకి పోయి, బండి రాగానే ఒక కాలు లోపల పెట్టి, తీసి, ఇంటికొచ్చేస్తారు. పెళ్ళికి ముందురోజు మనుబోలు చర్చిలో ఒక్కరే నిలబడి "అంగీకరిస్తున్నాను" అని మూడుసార్లు అన్నారట.

"పాస్టరు గారు ఊళ్ళో లేరు కాబట్టి సరిపోయింది," అంటుంది ఆయన భార్య ఎలిశబెతమ్మ. "ఉండుంటే నేను ఈయనకి రెండో పెళ్ళాన్నయ్యేదాన్ని."

ఆయనది నలుగురు మనుషుల డిజైను ఆఫీసు. ఏ బిల్డింగుకి ఎంత లావు స్తంభం, ఏ దూలంలో ఎన్ని కమ్ములు అని లెక్క తేల్చి బొమ్మలు గీసిస్తారు. అక్కడికి బిమ్ తెచ్చే పని మీదే చేరింది వినీల.

"బిమ్ అంటే సార్, బిల్డింగుని ముందే కంప్యూటర్లో మొత్తం కట్టేస్తాం. స్తంభాలు, దూలాలు, పైపులు, అన్నీ. ఏది దేనికి అడ్డమొస్తుందో అక్కడే తెలిసిపోతుంది."

కృపాదానం గారు కుర్చీలోంచి లేచారు. "అంటే బిల్డింగుకే రిహార్సలా! దీనికోసమే పుట్టినాను తల్లీ!"

"అయితే రేపే మొదలుపెడదాం. మైపాడు తుపాను షెల్టరు వాళ్ళు ఆగస్టు ఆఖరుకి బిమ్ మోడల్ ఇమ్మన్నారు. లేకపోతే పని చెన్నై ఆఫీసుకి పోతుంది సార్."

"రేపెట్లా? ముందు బిమ్‌కి రిహార్సల్ వెయ్యాలి గదా!"

మర్నాడు ఆఫీసులో బల్లలు పక్కకి జరిపారు. టైపు చేసే ఏంజెలిన్ స్తంభం. ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలు గీస్తున్న పద్మనాభయ్య రెండు చేతులూ చాపి దూలం. వినీల పైపు.

"పైపూ, ఎక్కడికి పోతున్నావు?"

"బాత్రూముకి సార్."

"పద్మనాభయ్య చంకలోంచా?"

"సార్, దూలానికి చేతులు లాగేస్తా ఉన్నాయి," అన్నాడు పద్మనాభయ్య.

"ఓర్చుకోవయ్యా, నిజం దూలం నూరేళ్ళు ఓర్చుకుంటుంది!"

అంతటితో అయిపోతుందనుకుంది వినీల. కానీ షెల్టరు పక్కన పెట్టి, తోటపల్లి గూడూరులో పద్నాలుగేళ్ళ కిందట కట్టిన ఐసు ఫ్యాక్టరీకి మోడల్ తయారుచెయ్యమన్నారు. అదీ పద్మనాభయ్యే చెయ్యాలి, వినీల పక్కన కూర్చోవాలి.

"కట్టేసిన దానికి రిహార్సలేంది సార్? ఆ ఫ్యాక్టరీ ఐసు ఎన్ని లారీలు కరిగిపోయిందో!" అంది వినీల.

"కరిగింది ఐసే, ఫ్యాక్టరీ కాదు గదా. కానివ్వండి."

పద్మనాభయ్య మౌసుని ఎండ్రకాయని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకునేవాడు. రోజుకో స్తంభం లేచేది, రెండు మాయమయ్యేవి. జూలై సగం గడిచింది. తన పేరు పడాల్సిన మొదటి పని కళ్ళముందే చెన్నై పోతోందని వినీల రాజీనామా రాసుకుని కృపాదానం గారి గదిలోకి వెళ్ళింది.

"షెల్టరు మీదే నేర్పిస్తే పోయేది గదా సార్!"

ఆయన తలుపు వేశారు. సొరుగులోంచి ఒక కాగితం తీసి చేతికిచ్చారు. పద్మనాభయ్య రాజీనామా. వినీల చేరిన మర్నాటి తేదీ.

"కొత్త మిషను నావల్ల కాదు, కొత్త పిల్ల వచ్చింది, నేను పోతానన్నాడు. రాజీనామాకీ రిహార్సల్ ఉండాలయ్యా, ఇది ఉత్తుత్తిది, అసలుది తరవాత ఇద్దువుగాని అని లోపల పెట్టేసినా. ఆ ఐసు ఫ్యాక్టరీ బొమ్మలన్నీ ఆయన గీసినవే, ప్రతి కమ్మీ కంఠతా వచ్చు. తప్పు చేసినా కూలేదేమీ లేదు, చూసి నవ్వేవాళ్ళూ లేరు. షెల్టరు మీదయితే మొదటి తప్పుకే లేచిపోయేవాడు తల్లీ." అప్పుడు చూశారు. "నీ చేతిలో ఏంది?"

"కూరగాయల చీటీ సార్," అంది వినీల, మడిచి సంచిలో వేసుకుంటూ.

బయటినుంచి పద్మనాభయ్య కేక. "వినీలమ్మా, ఇట్రా! ఈ పైపు దూలంలోంచి పోతా ఉంది. పట్టేసినా! ఇంక ఆ షెల్టరు తెరువు, నేను దూలాలు లేపుతా, నువ్వు పైపులు చూసుకో."

షెల్టరు మోడల్ గడువుకి రెండు రోజుల ముందే వెళ్ళింది. కింద రెండు పేర్లు, పద్మనాభయ్య, వినీల. వారం తిరక్కుండా షెల్టరు కట్టే కంపెనీ పెద్దింజనీరు ఫోను చేసి, ఇంత శుభ్రమైన మోడల్ ఈ జిల్లాలో చూడలేదని కృపాదానం గారిని ఆకాశానికెత్తాడు. ఆయన నోరు తెరిచారు, మూశారు, చెమట తుడుచుకున్నారు. ఫోను పద్మనాభయ్య చేతిలో పెట్టేశారు.

పొగుడుతారని ఆయన అనుకోలేదు. రిహార్సల్ వేసుకోలేదు మరి.