విజయలక్ష్మి పేరులో మ వత్తు

జనగామ బస్టాండుకు దగ్గర్లో హన్మంత్ ప్రెస్సు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే పోస్టర్లు, అన్నీ అక్కడే అచ్చవుతాయి. దేవరుప్పుల దగ్గరి ఒక తండా నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన సౌందర్య, చదువు అయ్యాక ఆ ప్రెస్సులో డిజైన్ పనికి కుదిరింది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ భాష. బడిలో చేరేదాకా తెలుగు అక్షరాలతో ఆమెకు పరిచయం లేదు. అందుకేనేమో అక్షరాల వంపుల మీద ఆమె చూపు ఎక్కువసేపు నిలిచేది. మిగతా వాళ్లు తప్పులు వెతుకుతూ చదివే ప్రూఫును ఆమె బొమ్మను చూసినట్టు చూసేది.

"అందరు సదువుతరు చెల్లె, నువ్వు చూస్తవు" అనేవాడు ప్రెస్సు యజమాని హన్మంత్.

పెళ్లయ్యాక సౌందర్య ఘనపూర్ వచ్చేసింది. భర్త బలరాం భూపాలపల్లి బొగ్గు గనులకు కార్మికులను చేరవేసే బస్సు నడుపుతాడు. ఇంటి ముందు గదిలోనే చిన్న డిజైన్ సెంటర్ పెట్టుకుంటానని ఆమె చెబితే, హన్మంత్ తన ప్రెస్సులో పక్కన పెట్టిన పాత కంప్యూటర్‌ను గుడ్డతో తుడిచి ఆటోలో పెట్టించాడు.

"గిది ఈడ ఉత్తగనే మూలకుంటది. నీ తాననన్న పని చేస్తది. డిజైన్ నువ్వు చెయ్యి, అచ్చు నాకు పంపు" అన్నాడు.

ఆ కంప్యూటర్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ అది కొన్నది కాదు. ఆ చుట్టుపక్కల చాలా ప్రెస్సుల్లో ఉన్నట్టే, ఎవరో ఎవరికో ఇచ్చిన నకలు. అది తప్పని ఎవరూ పెద్దగా అనుకునేవాళ్లు కాదు. కొంతకాలానికి అది పాతబడి మొరాయిస్తే, ఒకతను పెన్‌డ్రైవ్‌లో కొత్త నకలు తెచ్చి ఎక్కించాడు. దానితోపాటు వైరస్ కూడా వచ్చింది. మాఘమాసపు పెళ్లిళ్లు మొదలయ్యే ముందు, ఒక ఉదయం సౌందర్య కంప్యూటర్ తెరిచేసరికి ఫైళ్లన్నిటికీ తాళం పడింది. ఒక్క శుభలేఖ తెరుచుకోలేదు. ఆమె గడప మీద కూర్చుండిపోయింది. బలరాం చాయ్ పెట్టి తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"మేఘనకు ఫోన్ చెయ్యరాదు" అన్నాడు చివరకు.

మేఘన డిగ్రీలో ఆమె స్నేహితురాలు. జనగామలోనే ఉంటుంది. రోజూ రైలెక్కి హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. సెలవనేది ఆదివారం ఒక్కటే. ఆ ఆదివారం ఆమె రెండు బస్సులు మారి ఘనపూర్ వచ్చింది. పాత ఫైళ్లను కాపాడలేకపోయింది. యంత్రమంతా తుడిచి, విండోస్ తీసేసి లైనెక్స్ ఎక్కించింది. అది ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్. పాత కంప్యూటర్ మీద కూడా చురుగ్గా నడిచింది.

"మంచిగుంది. మరి మా డిజైన్ సాఫ్ట్‌వేర్ దీంట్ల ఎక్కుతదా?" అని అడిగింది సౌందర్య.

"ఎక్కది. ఆ కంపెనీ దీనికోసం చెయ్యనే లేదు."

"ఇగ నకలు వద్దు. కష్టమో నష్టమో కొంటనన్నా ఇయ్యరా?"

"కొంటనన్నా లేదు."

"ఎందుకు లేదు? అంత పెద్ద కంపెనీకి గింత చేతకాదా?"

మేఘన ఎదురు ప్రశ్న వేసింది. "మీ తండాకు బస్సొస్తదా?"

"రాదు. నా చిన్నప్పుడు కొన్నొద్దులు వచ్చింది. ఎక్కేటోళ్లు లేరని బంద్ పెట్టిన్రు."

"ఎందుకు ఎక్కలేదు?"

"ఎప్పుడొస్తదో ఎప్పుడు రాదో. అందరు ఆటోలకు అలవాటు పడ్డరు."

"గిదీ గట్లనే. డిజైన్ చేసేటోళ్లు లైనెక్స్‌ల లేరు గనుక కంపెనీ చెయ్యది. కంపెనీ చెయ్యది గనుక డిజైన్ చేసేటోళ్లు ఇటు రారు. ఎవలు ముందు కదలాలె?"

సౌందర్య అంతటితో వదల్లేదు. ఒక్కసారి చేసి పెడితే పోయేదేముంది అంది.

"ఒక్కసారితోని అయిపోదు" అంది మేఘన. "లైనెక్స్ అంటె ఒక్కటి కాదు, ఎన్నో తీర్లున్నయి. ఒకదాంట్ల నడిచింది ఇంకోదాంట్ల ఆగిపోవచ్చు. అన్నిట్ల పెట్టి చూడాలె. ప్రెస్సు రంగులు, ప్రింటర్లు, నకలు కొట్టకుండ వేసే తాళాలు, అన్ని మళ్ల కుదుర్చుకోవాలె. పరేషానైన ప్రతి మనిషి ఫోన్ చేస్తడు, జవాబు చెప్పాలె. ఇంత చేసినంక కొనేటోళ్లు పిడికెడు మంది. ఇంకో అనుమానం గూడ ఉంటది వాళ్లకు. ఫ్రీగ వాడే అలవాటున్నోళ్లు మన సరుకు కొంటరా అని."

సౌందర్యకు నవ్వొచ్చింది. "మేము విండోస్‌ల ఉన్నప్పుడు మాత్రం కొన్నమా?"

"ఆడ నకలు కొట్టేటోళ్లు పోను, కొనేటోళ్లు గూడ మస్తుమంది. వాళ్లకు గిట్టుబాటైతది. పగబట్టి చెయ్యట్లేదనుకోకు. లెక్క కుదరక చెయ్యట్లేదు."

అప్పటిదాకా ఆ కంపెనీ మీద సౌందర్యకు ఒక రకమైన ఉక్రోషం ఉండింది, తనలాంటివాళ్లను కావాలనే గుమ్మం బయట నిలబెట్టినట్టు. ఆ మాటతో అది తగ్గింది. మేఘన బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి తెరిచింది.

"మరి ఇదెవలు చేసిన్రు, లెక్క కుదరకుంట?"

"ఎవరెవరో. కొందరు వాళ్ల పనికి కావాల్నని, కొందరు ఇష్టం కొద్ది. ఒకలు మొదలుపెడితె ఇంకొకలు అందుకుంటరు. మన చేతిల వడ్డది, వాడుకుందాం."

మొదటి రోజుల్లో చెయ్యి అలవాటు పడలేదు. పాత మీటలు వేరు, కొత్త మీటలు వేరు. ప్రెస్సులో వాడిన తెలుగు ఫాంట్లు, కీబోర్డు ఇక్కడ పనిచేయలేదు. కొత్త రకం ఫాంట్లతో, కొత్త కీబోర్డుతో బడిపిల్లలా మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పుడు వచ్చింది విజయలక్ష్మి.

విజయలక్ష్మిది ఘనపూర్‌లో భూమి ఉన్న కుటుంబం. భర్త పోయాక వ్యవసాయం తనే చూసుకుంటూ కూతురు శ్రేయను చదివించింది. ఇప్పుడు శ్రేయ పెళ్లి. ఆహ్వానం ఎవరి పేరుతో వెయ్యాలన్న దగ్గర ఇంట్లో మాటా మాటా అయింది. మగదిక్కు పేరు ఉండాలని, మరిది పేరు వేయించమని పెద్దలు చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు.

"పిలిచేది నేను. నా పేరే పడాలె. జర పెద్దగనే పడాలె" అని సౌందర్యకు చెప్పింది.

సౌందర్య ఆ కార్డు మీద మనసు పెట్టి పనిచేసింది. తెర మీద ముచ్చటగా వచ్చింది. అక్షరాలను గీతలుగా మార్చి జనగామకు పంపింది, అక్కడి యంత్రంలో ఆ ఫాంట్ లేకపోయినా ఇబ్బంది రాకుండా. ఆ సాయంత్రం హన్మంత్ ఫోన్ చేశాడు.

"చెల్లె, పెళ్లికూతురి తల్లి పేరు చూసినవా? లక్ష్మిల మ వత్తు పక్కకు జారింది. చెట్టు మీదికెల్లి పడుతున్నట్టుంది."

సౌందర్య పంపిన ఫైలును తెరిచి చూసింది. నిజమే. క్షి కింద ఒదిగి ఉండాల్సిన మ వత్తు కుడివైపు జరిగి గాలిలో వేలాడుతోంది. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. తప్పు ఆమెది కాదు. అక్షరాలను గీతలుగా మార్చేటప్పుడు ఆ సాఫ్ట్‌వేరే పొరబడుతోంది.

"అచ్చు ప్లేటు చెయ్యకుంట ఆపిన. పరేషాన్ గాకు" అన్నాడు హన్మంత్. "కావాల్నంటె బస్సెక్కి రా, నా సిస్టమ్ మీద కొట్టుకో."

వెళితే పని అయిపోయేది. కానీ ఇవాళ వెళితే ప్రతి లక్ష్మికీ వెళ్లాల్సి వస్తుందని ఆమెకు అనిపించింది. అతనికి అదే మాట చెప్పి, పొద్దున్నే విజయలక్ష్మి ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది.

"అమ్మా, మీ పేరు తప్పు పడుతున్నది. నేను చేత్తోని గీసి సరిచేస్త. జర టైం ఇయ్యిన్రి."

విజయలక్ష్మి వడ్లు ఎండబోయిస్తోంది. "అచ్చయినంక చెప్పకుంట ముందుగాలనే చెప్పినవు. గీసుకరా బిడ్డా, ఆగుత" అంది. వేరే చోటికి పోతానని అనలేదు.

సౌందర్య ఇంటికొచ్చి మ వత్తును మొదటి నుంచి గీసింది. ఒక్కో వంపుకు బిందువులు పెట్టింది, లాగింది, సన్నం చేసింది, పక్కనున్న అక్షరాల లావుతో సరిపోయేదాకా మార్చింది. తను ఇన్నేళ్లూ అక్షరాలను వాడిందే తప్ప, ఒక్క అక్షరాన్నీ చేయలేదని ఆమెకు ఆ పూట తెలిసింది. కార్డు అచ్చయి వచ్చినప్పుడు విజయలక్ష్మి తన పేరు మీద బొటనవేలితో మెల్లగా రాసి చూసింది. తొలి కార్డు సౌందర్యకే ఇచ్చింది, బొట్టు పెట్టి, పెళ్లికి రమ్మని.

పెళ్లి అయ్యాక సౌందర్య మేఘనకు ఫోన్ చేసి, ఈ పొరపాటును సరిచేయించడానికి ఎవరిని అడగాలని కనుక్కుంది. ఆ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా రాయొచ్చని, రాసింది అందరికీ కనబడుతుందని మేఘన చెప్పింది. ఇంగ్లీషు వాక్యాలు మేఘన సరిచూసింది. జారిన వత్తు చుట్టూ సౌందర్య ఎర్రగా సున్నా చుట్టి బొమ్మ జత చేసింది. ఎవరూ పట్టించుకోరనే అనుకుంది.

కానీ ఆ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లలో ఒకతని నుంచి జవాబు వచ్చింది. పేరును బట్టి మనిషిది ఏ దేశమో ఇద్దరూ చెప్పలేకపోయారు. "నాకు తెలుగు రాదు. వత్తు ఎక్కడ ఉండాలో గీసి చూపిస్తారా? ఇంకే అక్షరాలకు ఇలా అవుతోంది?" అని అడిగాడు. సౌందర్య సూక్ష్మం, పద్మ, ఆత్మ, స్త్రీ అన్నీ గీసి పంపింది. ఏది బాగుందో, ఏది జారిందో చెప్పింది. అతను ప్రశ్నలు అడుగుతూ పోయాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. వానాకాలం మొదలయ్యేసరికి ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త కూర్పు, అంటే సవరించిన వెర్షన్, వచ్చింది. ఆమె వేళ్లు మొదట కొట్టిన మాట విజయలక్ష్మి. గీతలుగా మార్చింది. మ వత్తు దాని చోట అది కూర్చుంది.

ఆ కూర్పు వివరాల్లో చివరన, తెలుగు వత్తుల సంగతి తెలిపిన సౌందర్యకు కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉంది. డ్యూటీ దిగి వచ్చిన బలరాంకు చూపించింది.

"నీకు వాళ్లు థాంక్స్ చెప్పుడేంది? నువ్వు గదా చెప్పాలె" అన్నాడు అతను.

ఆమె మనసులో ఉన్నదీ అదే. తనకు తెలుగులో బతుకుదెరువు ఉంది. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి, ఎన్నడూ చూడని ఘనపూర్‌లో ఒక తల్లి పేరు సరిగ్గా పడాలని అంత కష్టపడ్డాడు.

అన్నీ కుదిరిపోయాయని కాదు. మొన్న మహబూబాబాద్ నుంచి ఒక బడి వాళ్లు పాత సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలు తెచ్చారు. తెరిస్తే సగం బొమ్మలు చెదిరిపోయాయి. తనవల్ల కాదని చెప్పి వాళ్లను హన్మంత్ దగ్గరికి పంపింది. అలాంటివి వస్తూనే ఉంటాయి. హన్మంత్ కూడా తన శుభలేఖల్లో కొన్నింటిని ఆమెకే పంపుతుంటాడు.

ఇప్పుడు ఖాళీ దొరికినప్పుడల్లా సౌందర్య ఆ సాఫ్ట్‌వేర్‌లోని ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు పెడుతోంది. పొర, నింపు, గీత అన్నవి తేలిగ్గా దొరికాయి. వంపును తిప్పే బిందువుకు ఏం పేరు పెట్టాలో తెలియలేదు. ఆ వారం తల్లి చంద్రి తండా నుంచి వచ్చి, పక్కనే కూర్చుని రవికకు అద్దాలు కుడుతోంది. సౌందర్య తెర చూపించి తమ భాషలో అడిగింది.

"ఇక్కడ పట్టుకొని లాగితే గీత ఇట్లా ఒంగుతది. దీన్ని నువ్వైతే ఏమంటవు?"

చంద్రి కళ్లు చిట్లించి చూసింది. "వంపు తిరిగే చోట దారాన్ని ముడేసి ఆపుతం. లేకుంటె అది నిలువది."

సౌందర్య మేఘనకు ఫోన్ చేసి, ముడి అని పెడితే ఎలా ఉంటుందని అడిగింది. రైలు చప్పుడులో మేఘన రెండుసార్లు చెప్పించుకుంది.

"మంచిగుంది. అదే పెట్టు" అంది.

సౌందర్య ఆ మాట టైపు చేసి పంపింది. తల్లి చేతిలోని సూదికి దారం అయిపోతే ఎక్కించి ఇచ్చి, తరువాతి మాట తెరిచింది.