సాంబమూర్తి సారు పన్నెండు నిమిషాలు

సాంబమూర్తి సారుకు గీత గీస్తే తప్ప ఏ నిజమూ నిజం కాదు. వానలో తడుస్తున్నా సరే, ఆ సంగతి గ్రాఫు కాగితం ధ్రువపరిచాకే గొడుగు తెరుస్తారు. 2004లో పాల్వంచలో మాకు డిగ్రీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. మనసు తలలో ఉంటుందని మేం అనుకునేవాళ్లం. గళ్లకాగితంలో ఉంటుందని ఆయన ఎంతో కష్టపడి నేర్పారు.

ఇంటిగోడనూ వదల్లేదు. ఒకరోజు నోట్సు కోసం వెళ్తే ఆయన భార్య అరుణశ్రీగారు అడుగుతున్నారు.

"గోడ మీద ఈ కొండలేందండీ?"

"నీ కోపం. ప్రతి మంగళవారం పెరుగుతోంది."

"ఇయ్యాల శుక్రవారమే గదా. ఎంత పెరుగుతదో చూడుండ్రి."

సారు ఆనందంగా పెన్సిల్ చెక్కుకున్నారు. నేను చెప్పులు వెతుక్కున్నాను.

క్లాసులో ఆయనకు చిక్కిన ప్రాణి హేమ్లి. జూలూరుపాడు దగ్గరి తండా నుంచి బస్సులో వచ్చేది, తరచూ ఆలస్యంగా. తొమ్మిదిన్నర గంట కొట్టాక వస్తే ఆ రోజంతా రానట్టేనని మా ప్రిన్సిపాల్ రూలు. ఆమె కంటే కాస్త ముందే స్కూటర్ దిగి వచ్చిన సారు, గడియారం చూసి, "తొమ్మిది నలభై రెండు" అంటూ ఆకుపచ్చ చుక్క పెట్టేవారు.

"చుక్కలు పెట్టి సంపుతుండు నన్ను," అని హేమ్లి నా చెవిలో గొణిగేది.

మార్చిలో, హాజరు చాలలేదు, పరీక్ష రాయనివ్వనన్నారు ప్రిన్సిపాల్. ఏడాది పోతే హేమ్లిని ఇంట్లో చదువు మాన్పిస్తారు. మేమిద్దరం ఆయన గదిలో తల వంచుకుని నిలబడ్డాం. అంతలో సారు చాపంత చార్టుతో వచ్చారు. ఆమె ఓటమిని రంగుల్లో చూపడానికే అనుకున్నాను.

"ఆకుపచ్చ గీత హేమ్లి వచ్చిన టైము. ఎర్రది బస్సు వచ్చిన టైము. మధ్యలో ఎప్పుడూ పన్నెండు నిమిషాలే. బస్టాండు నుంచి నడక అంతే. ఆలస్యం బస్సుది, అమ్మాయిది కాదు."

"బస్సు టైములు ఎవరిచ్చిండ్రు మీకు?"

సారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అటెండరు జంపయ్య ఆగలేకపోయాడు.

"ఇచ్చుడేంది సార్. నాలుగు నెలల సంది పొద్దుగాల బస్టాండులనే నిలబడుతుండు. అరటిపండ్ల బండాయన ఈయన్ని బస్సు కంట్రోలర్ అనుకుంటుండు."

ప్రిన్సిపాల్ చార్టు దగ్గరికి లాక్కున్నారు. "అన్ని రోజులు నిలబడేటోళ్లు, స్కూటర్ మీద ఎక్కించుకొస్తే అయిపోతుండె గదా, సాంబమూర్తిగారూ?"

"డేటా పాడవుతుంది సార్."

ప్రిన్సిపాల్ హాల్‌టికెట్ మీద సంతకం పెట్టారు.

మొదటి పరీక్షనాడు కూడా బస్సు ఆలస్యమే. అరటిపండ్ల బండి పక్కన సారు స్కూటర్ స్టార్టు చేసి ఉన్నారు.

"ఎక్కమ్మా. డేటా సేకరణ ముగిసింది."

మూడు నిమిషాల్లో కాలేజీ. హాల్లోకి పరుగెత్తబోతున్న హేమ్లిని సారు ఆపారు.

"ఒక్క మాట. బస్టాండులో ఉన్న భయం ఇప్పుడు తగ్గిందా, పెరిగిందా?"

"మీ స్కూటర్ ఎక్కినంక పెరిగింది సార్."

సారు ఆ చుక్క కూడా పెట్టుకున్నారు.