ఎదురు సైకిల్ సదయ్య

గోదావరిఖనిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద సదయ్యను తిట్టని డ్రైవర్ లేడు. సదయ్య తిట్టని డ్రైవరూ లేడు. లోకమంతా ఎడమపక్కన పోతుంటే ఈ అరవై మూడేళ్ల మనిషి కుడి అంచున, వచ్చే బండ్లకు ఎదురుగా సైకిల్ తొక్కుతాడు. పొద్దున్నే ఆ రోడ్డు ఒంటినిండా నల్లటి పిండి చల్లుకుని లేస్తుంది. దుమ్ములోంచి లారీల దీపాలు నిద్ర చాలని పసుపుతో ముందుకు వస్తాయి. సదయ్య వాటిని రెప్ప వేయకుండా చూస్తూ పోతాడు.

"ముసలోడా, సచ్చేటందుకు నా బండే దొరికిందా?"

"నీ బండిని మించినయి చూసిన. పక్కకు జరుగు."

ముప్పై ఏళ్లు ఆయన భూమి కింద టబ్బుల దగ్గర పనిచేశాడు. బొగ్గు నిండిన ఇనుప తొట్లను తాడు లాగే చీకటి దారి అది. ఒకనాడు తాడు తెగింది. వాలులో దొర్లివచ్చిన టబ్బులు జోడీదారు యోనాను వెనకనుంచి కొట్టాయి. వాటివైపు ముఖం పెట్టి ఉన్న సదయ్య గోడలోని గూట్లోకి దూకి బతికాడు. కదిలే ఇనుముకు మళ్లీ ఎన్నడూ వీపు చూపించలేదు.

కోడలు దీపకు చౌరస్తా మందుల దుకాణంలో పని దొరికింది. పెళ్లయిన ఎనిమిదేళ్లకు మొదటిసారి ఆమెకు రోజూ గడప దాటే వీలు కలిగింది. పాత సైకిల్ కొనుక్కుని మొదటిరోజు ఎడమపక్కన పోయింది. అది చూసిన సదయ్య సాయంత్రం చెంబు విసిరికొట్టాడు.

"లారీకి వీపు పెట్టి పోతవా? నా లెక్క ఎదురుంగ పో. లేకుంటె సైకిల్ అమ్మేస్త. పని లేదు, గిని లేదు."

"ఊరంత నవ్వుతరు మామా."

"నవ్వనియ్యి. నవ్వితె ఎవ్వలు సావరు."

మరునాడు ఆయన ముందు, ఆమె వెనక. దీప పళ్లు బిగించి తొక్కింది. ప్రతి హారనూ చెంపదెబ్బలా తగిలింది.

గని దగ్గరి పక్కదారి రోడ్డులో కలిసేచోట ఒక లారీ ఎడమకు తిరగడానికి ఆగింది. సదయ్య డ్రైవర్ కళ్ల కోసం వెతికాడు. ఒక చెవి, దానిమీద దోపిన బీడీ మాత్రం కనిపించాయి. ముఖం అవతలికి, బండ్లు వచ్చే దిక్కుకు తిరిగి ఉంది. లారీ కదిలింది.

దీప కేక వేసింది. సదయ్య సైకిల్ వదిలేసి మట్టిలో పడ్డాడు. బంపర్ హ్యాండిల్‌ను వంచి ఆగింది.

డ్రైవర్ దిగాడు. "నేనేడ చూడాలె కాకా? బండ్లు వచ్చే దిక్కు చూసిన. నువ్వు ఇటునుంచి వస్తవని నాకేం ఎరుక?"

తిట్టడానికి సదయ్య నోరు తెరిచాడు. తిట్టు బదులు దుమ్ము ఉమ్మి, సైకిల్ లేపాడు.

"టబ్బుకు కండ్లు లేవు, గందుకే దాన్ని నువ్వు చూసినవ్" అంది దీప. "లారీల మనిషి ఉన్నడు. ఆయన చూసే దిక్కున మనముండాలె."

"నాకే చెప్తున్నవా?"

"చెప్తున్న. అమ్ముకుంటవో, ఏం జేసుకుంటవో. నేనైతె అటే పోత."

ఆమె సైకిల్ నెట్టుకుంటూ రోడ్డు దాటి, ఎడమ అంచు పట్టి చౌరస్తా వైపు పోయింది. ఆయన ఆపలేదు. ఒక లారీ ఆమె వెనకనుంచి వచ్చి, కాస్త జరిగి, దాటింది. దుమ్ము దిగి ఆమె చున్నీ మళ్లీ కనబడేదాకా సదయ్య ఊపిరి పీల్చలేదు. కోపం మాత్రం అట్లాగే ఉంది.

ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి హ్యాండిల్ సరిచేశాడు. ఇంటికి పోవాలి. వెనక్కి తిరిగితే ఇదే ఎడమపక్క; ఇట్లాగే పోతే లారీలన్నీ వెనకనుంచి వస్తాయి. ఎప్పుడూ ఇక్కడ రోడ్డు దాటి, వాటికి ఎదురు వెళ్లేవాడు. ఈసారి దాటలేదు. ఎక్కాడు. వెనక హారన్ మోగింది. భుజాలు చెవులదాకా లేచాయి. నోటినిండా తిట్లు నింపుకుని, వెనక్కి చూడకుండా తొక్కాడు.